వాపు కంటిలో, ఆచూకీ ఇంకెక్కడో

కన్ను ఎర్రబడి వాస్తే చుక్కల మందు కోసం కంటి డాక్టరు దగ్గరికి వెళతాం. తల బద్దలవుతూ మెడ బిగుసుకుపోతే జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళతాం. ఈ రెండు బాధలకూ మూలం ఒకటే అయిన జబ్బులు చాలానే ఉన్నాయి. వాటి గుట్టు తెలుసుకోవడానికి వైద్యులు వెతికే చోట్లు వింటే ఆశ్చర్యమేస్తుంది: అంగిలి, ముక్కు కొస, మూత్రం, వెన్ను, తలవెంట్రుకలు, ఎప్పుడో మానిపోయిన పాత దెబ్బ. అలాంటి విశేషాలు కొన్ని.

◆ మెదడును మూడు పొరలు చుట్టి ఉంటాయి. పైది దళసరి, గట్టిది. మధ్యదీ లోపలిదీ పలచన. ఇవి పుర్రె దగ్గరే ఆగిపోవు. చూపు నరాన్ని చుట్టుకుని కనుగుడ్డు వెనక దాకా వస్తాయి. పొరల నడుమ ఉండే నీరూ వాటి వెంటే వస్తుంది. అందుకే తలలో ఒత్తిడి పెరిగితే కంటి వెనక నరం మొన ఉబ్బుతుంది, కనుపాపలోంచి లైటు వేసి చూసే డాక్టరుకు ఆ ఉబ్బు కనిపిస్తుంది. కోత పెట్టకుండా రక్తనాళాలనూ, మెదడుకు చెందిన నరాన్నీ నేరుగా చూడగలిగిన చోటు ఒంట్లో ఇదొక్కటే. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1851లో ఆఫ్తల్మోస్కోపు గురించి ప్రకటించాకే వైద్యులకు ఈ దారి తెరుచుకుంది. మెదడు పొరల జబ్బు అనుమానం ఉన్న ప్రతి మనిషికీ కంటి వెనక భాగం చూడాలని నరాల డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే.

◆ కంటి గుంటలో ఏడు ఎముకలు ఉంటాయి. ముక్కు వైపు గోడ మాత్రం అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు. దాని అవతలే సైనస్. పిల్లలకు జలుబు ముదిరి కంటి గుంటలో చీము పట్టిందంటే చాలావరకు ఈ గోడ దాటి వచ్చిందే.

◆ రెప్ప మీది చర్మం ఒంట్లోకెల్లా పలచన. దోమ కుట్టినా చాలు, తెల్లారేసరికి కన్ను తెరవలేనంతగా నీరు చేరుతుంది. అది ప్రమాదమా కాదా అన్నది రెప్ప వెనక ఉండే ఒక సన్నని తెర మీద ఆధారపడి ఉంటుంది. వాపు తెరకు ముందే ఉంటే చాలామందికి మందుబిళ్లలతో తగ్గుతుంది. వెనక్కి చేరితే ఆసుపత్రిలో చేరాలి, స్కానింగ్ తీయాలి, నరంలోకి మందు ఎక్కించాలి. తేడా పట్టడానికి స్కానింగ్ కంటే ముందు ఒక పని ఉంది. వాచిన రెప్పను మెల్లగా పైకెత్తి చూడటం. గుడ్డు అన్ని వైపులా తిరుగుతోందా? తిప్పితే నొప్పి పుడుతోందా? ముందుకు పొడుచుకొచ్చిందా? చూపు మసకేసిందా, ఎరుపు రంగు వెలిసిపోయినట్టు కనిపిస్తోందా? గుడ్డు తిరగకపోయినా, మిగిలిన వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. సాయంత్రం దాకా చూద్దామని ఆగకూడదు.

◆ 1970లో చాండ్లర్ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు సైనస్ నుంచి కంటికి పాకే ఈ వాపును అయిదు మెట్లుగా విడదీశారు. మొదటి మెట్టు రెప్ప వాపు. అయిదో మెట్టు కేవర్నస్ సైనస్ అనే చోట రక్తం గడ్డకట్టడం. కంటి గుంటకు వెనక, మెదడు పైపొర మడతల మధ్య ఉండే సిరల గది ఇది. పెద్ద ధమని ఒకటి సిర లోపలి నుంచే సాగిపోయే చోటు ఒంట్లో ఇదొక్కటే. కన్నును తిప్పే మూడు నరాలు, నుదుటికీ చెంపకూ స్పర్శనిచ్చే కొమ్మలు కూడా ఇటుగానే వెళతాయి. ఇక్కడ వాపు వస్తే రెప్ప వాలుతుంది, గుడ్డు తిరగకుండా నిలిచిపోతుంది, నుదురు మొద్దుబారుతుంది. ముక్కు మీద, పైపెదవి మీద లేచిన సెగగడ్డను గిల్లవద్దని వైద్యులు చెప్పడానికి కారణం ఈ గదే. ఆ ప్రాంతపు రక్తం కంటి సిరల మీదుగా ఇక్కడికి చేరగలదు.

◆ కంటి ఆసుపత్రిలో గడ్డం ఆనించి, నుదురు పట్టీకి తాకించి కూర్చోబెట్టే యంత్రం పేరు స్లిట్ ల్యాంప్. స్వీడన్ వైద్యుడు అల్వార్ గుల్‌స్ట్రాండ్ 1911లో దీన్ని రూపొందించాడు. గదిలో లైట్లు ఆర్పి, మిల్లీమీటరు పొడవు, మిల్లీమీటరు వెడల్పున్న వెలుగును కంటి ముందు గదిలోకి పంపుతారు. అక్కడి నీరు ఆరోగ్యంగా ఉంటే వెలుగు దారి నల్లగా, ఖాళీగా ఉంటుంది. లోపల వాపు ఉంటే తెల్లకణాలు కిటికీ సందులోంచి పడిన ఎండలో దుమ్ము రేణువుల్లా తేలుతూ కనిపిస్తాయి. డాక్టరు వాటిని లెక్కపెడతారు. ప్రపంచవ్యాప్తంగా నిపుణులు కూర్చుని ఒప్పుకుని 2005లో ప్రకటించిన కొలమానం ప్రకారం 6 నుంచి 15 కణాలుంటే ఒకటో స్థాయి, 16 నుంచి 25 అయితే రెండోది, 50 దాటితే నాలుగోది. నల్లగుడ్డు లోపలి వైపు అంటుకున్న మచ్చలనూ చూస్తారు. అవి పెద్దగా, జిడ్డుగా ఉంటే టీబీ, సార్కాయిడోసిస్ లాంటి జబ్బుల వైపు అనుమానం మళ్లుతుంది. రక్తపరీక్ష రాయకముందే సగం విచారణ ఈ కుర్చీలో జరిగిపోతుంది.

◆ పాతికేళ్ల కుర్రాడు ఎర్రబడిన కన్నుతో వస్తే కంటి డాక్టరు నడుంనొప్పి గురించి ఎందుకు అడుగుతారు? పొద్దున లేవగానే నడుం పట్టేసి, నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంటే అది వెన్ను కీళ్లవాతం కావచ్చు. హెచ్ఎల్ఏ-బీ27 అనే జన్యువున్న వారిలో ఈ రెండూ జతగా వస్తుంటాయి. డబ్లిన్ వైద్యులు 2015లో ప్రకటించిన డ్యూయెట్ అనే పద్ధతిలో కన్ను చూపించుకోవడానికి వచ్చినవారికి ఈ ప్రశ్న వేయడం ఒక మెట్టు. అది వేస్తే ఎప్పటినుంచో ఉండి బయటపడని వెన్ను జబ్బులు దొరుకుతున్నాయి.

◆ కన్ను, మెదడు పొర, చెవి, చర్మం: ఈ నాలుగింటినీ ఒకేసారి పట్టే జబ్బు ఒకటుంది. ముగ్గురు వైద్యుల పేర్లు కలిపి వోగ్ట్-కొయనగి-హరాదా జబ్బు అంటారు. స్విట్జర్లండ్‌కు చెందిన వోగ్ట్ 1906లో, జపాన్‌కు చెందిన హరాదా 1926లో, కొయనగి 1929లో రాసిన వివరాలను తర్వాతివాళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే మూడూ ఒకే జబ్బు ముక్కలని తేలింది.

దీని నడక చూడండి. ముందు తలనొప్పి, మెడ పట్టేయడం, చెవుల్లో హోరు. దువ్వెన తగిలినా మాడు నొప్పి పుడుతుందని కొందరు అంటారు. నాలుగైదు రోజుల్లో రెండు కళ్లూ మసకబారతాయి. నెలలు గడిచాక కనురెప్పల వెంట్రుకలు తెల్లబడతాయి, ఒంటి మీద బొల్లి మచ్చలు తేలతాయి. మొదటి వారాల్లో వెన్నులో నీరు తీస్తే చాలామందిలో తెల్లకణాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఆ రిపోర్టు ఒక్కటే చూసి క్రిముల వల్ల వచ్చే మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్ అనుకునే ప్రమాదం ఉంది. బొల్లి వచ్చాక పేరు పెట్టడం తేలికే, కానీ అప్పటికి చూపుకు జరగాల్సిన నష్టం జరిగిపోవచ్చు. కళ్లు మసకబారిన వారంలోనే ‘చెవిలో హోరుందా, తలనొప్పితో మొదలైందా?’ అని అడిగిన డాక్టరు ఆ చూపును కాపాడతారు. మేని రంగు ఎక్కువున్న జాతుల్లో ఈ జబ్బు ఎక్కువ. కణాలకు రంగునిచ్చే మెలనోసైట్ల మీద మన రోగనిరోధక శక్తే తిరగబడటం దీనికి మూలం. అవి కంటి మధ్య పొరలో, మెదడు పొరలో, లోపలి చెవిలో, చర్మంలో, నాలుగు చోట్లా ఉన్నాయి.

◆ ఈ జబ్బని తేల్చే ముందు అడిగి తీరాల్సిన ప్రశ్న: ‘ఎప్పుడైనా కంటికి లోతైన దెబ్బ తగిలిందా, ఆపరేషన్ అయిందా?’ ఎందుకంటే ఒక కంటికి చిల్లుపడే గాయమైతే కొన్ని వారాలకో, ఏళ్లకో రెండో కంట్లోనూ అచ్చం ఇలాంటి వాపే రావచ్చు. దీన్ని సింపథెటిక్ ఆఫ్తాల్మియా అంటారు. అంధులకు చుక్కల లిపిని ఇచ్చిన లూయీ బ్రెయిల్ మూడేళ్ల వయసులో తండ్రి తోలు పనిముట్లతో ఆడుకుంటూ ఒక కన్ను పొడుచుకున్నాడు. అయిదేళ్లు వచ్చేసరికి రెండోదీ పోయింది. ఈ జబ్బే అయి ఉంటుందని నేటి వైద్యుల్లో చాలామంది అంచనా.

◆ ‘వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయి’ అన్న భయం మన ఇళ్లలో ఇంకా బలంగా ఉంది. ఆ భయంతో సంతకం పెట్టడానికి వెనకాడి రోజులు పోగొట్టుకునే కుటుంబాలను తలచుకుంటే బాధేస్తుంది. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుం పైభాగంలో, మొదటి రెండు నడుం పూసల దగ్గరే ముగిసిపోతుంది. సూది గుచ్చేది అంతకు కిందనే. జర్మన్ వైద్యుడు హైన్రిక్ క్విన్కె 1891లో ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు.

మెదడు, వెన్నుపాముల చుట్టూ ఏ సమయంలో చూసినా సుమారు 150 మిల్లీలీటర్ల నీరు ఉంటుంది. రోజుకు 500 మిల్లీలీటర్ల దాకా కొత్తది ఊరుతుంది. పరీక్షకు తీసిన కొద్దిపాటి నీరు కొన్ని గంటల్లో తిరిగి నిండుతుంది. పక్కకు తిప్పి, మోకాళ్లు పొట్టకు ముడిపించి పడుకోబెడతారు. సూది చివర నుంచి ఒక్కో చుక్కా రాలుతుంటే మూడు నాలుగు గొట్టాల్లో పడతారు. ఒకటి కణాల లెక్కకు, ఒకటి ప్రొటీను, చక్కెరలకు, ఒకటి క్రిముల పెంపకానికి. అదే సమయంలో చేతి నుంచి రక్తం తీసి అందులో చక్కెర కూడా చూడాలి. వెన్ను నీటిలో చక్కెర రక్తంలోని దానిలో మూడింట రెండొంతులు ఉండటం మామూలు. బాగా పడిపోతే బాక్టీరియా, టీబీ, ఫంగస్ వైపు చూస్తారు. తగ్గకపోతే వైరస్ వైపు. రక్తం చక్కెర రాయని రిపోర్టుతో ఈ పోలిక కుదరదు.

◆ ఆ నీటి చుక్క మీద నల్ల సిరా వేసి మైక్రోస్కోపులో చూసే పాత పరీక్ష ఒకటి ఇప్పటికీ పనికొస్తోంది. చుట్టూ నలుపు పరుచుకుంటుంది, క్రిప్టోకాకస్ అనే ఫంగస్ చుట్టూ మాత్రం తెల్లని వలయం మిగులుతుంది. హెచ్ఐవీ ఉన్నవారిలో మెదడు పొరల వాపుకు ఇది పెద్ద కారణం. తలలో ఒత్తిడి విపరీతంగా పెంచి చూపునూ దెబ్బతీస్తుంది.

◆ మన దేశంలో కంట్లో వాపుకైనా, మెదడు పొరల వాపుకైనా మొదట అడగాల్సిన పేరు టీబీ. రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ఆ క్రిమిని లోకానికి చూపించాడు. ఇన్నేళ్లయినా కంట్లో దాన్ని పట్టుకోవడం కష్టమే. కంటి ముందు గదిలో ఉండే నీరు మొత్తం పావు మిల్లీలీటరు. అందులోంచి తీయగలిగేది ఒకటి రెండు చుక్కలు. ఆ చుక్కల్లో క్రిమి దొరికితే అదృష్టమే. అందుకని చుట్టూ ఉన్న సాక్ష్యాలు పోగుచేస్తారు: ఛాతీ సీటీ స్కాన్, చేతి మీద మాంటూ పరీక్ష, రక్తంలో ఐజీఆర్ఏ, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా అన్న ఆరా.

ఇక్కడ ఒక తిరకాసుంది. మన దగ్గర టీబీ క్రిమి ఒంట్లో నిద్రపోతున్న ఆరోగ్యవంతులు కోట్లలో ఉన్నారు. వాళ్లకూ మాంటూ ఉబ్బుతుంది. చేయి ఉబ్బింది కాబట్టి కంట్లోది టీబీయే అనడానికి లేదు, ఉబ్బలేదు కాబట్టి కాదనడానికీ లేదు. కంటి లోపలి పొరలో మచ్చలు ఏ ఆకారంలో పాకుతున్నాయన్నది కూడా దీనికి కలిపి చదవాలి.

మెదడు పొరల టీబీలో కన్నే సాక్ష్యం చెప్పడం ఇంకా గొప్ప సంగతి. జ్వరంతో మగతలోకి జారుతున్న పిల్లల కంటి వెనక పసుపు తెలుపు కలిసిన చిన్న బుడిపెలు కనిపిస్తే అది ఒళ్లంతా పాకిన టీబీకి గట్టి గుర్తు. వెన్ను నీటి జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్ష రెండు గంటల్లో ఫలితమిస్తుంది. అందులో క్రిమి లేదని వచ్చినా జబ్బు లేదనుకోకూడదు. ఆ నీటిలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి.

◆ ఒక్కోసారి ‘ఏమీ లేదు’ అన్న ఫలితమే ఆధారం అవుతుంది. సార్కాయిడోసిస్ కంట్లో, మెదడు పొరల్లో, ఊపిరితిత్తుల పక్క గ్రంథుల్లో టీబీలాంటి ముడులనే కడుతుంది. బీసీజీ టీకా వేయించుకున్న మనిషికి మాంటూ బొత్తిగా ఉబ్బకపోతే నిపుణుల అనుమానం సార్కాయిడోసిస్ వైపు పెరుగుతుంది.

◆ కంటి జబ్బుకు మూత్ర పరీక్ష రాశారని విసుక్కోకండి. మూత్రపిండాల్లో వాపు, కంట్లో వాపు కలిసి వచ్చే జబ్బు ఒకటి 1975లో బయటపడింది. ఎక్కువగా పదేళ్లు దాటిన పిల్లల్లో వస్తుంది. రక్తనాళాలను తినేసే జీపీఏ అనే మరో జబ్బు ముక్కులో పక్కులు కట్టించి, రక్తం కార్పించి, కంటి గుంటలో గడ్డలా పేరుకుని, మెదడు పైపొరను దళసరి చేస్తుంది. అదే సమయంలో నొప్పీ సడీ లేకుండా మూత్రపిండాలను పాడుచేస్తుంటుంది. మూత్రంలో కంటికి కనిపించని రక్తం దీని జాడ. రక్తంలో ఆంకా అనే పరీక్ష చేస్తే నిర్ధారణకు బలం వస్తుంది. 1985లో డచ్, డేనిష్ పరిశోధకులు ఈ జబ్బుకూ ఆంకాకూ ఉన్న బంధాన్ని చూపించారు.

◆ 1993లో మదురైలో భారీ వరదలు వచ్చాయి. ఆ తర్వాత అరవింద్ కంటి ఆసుపత్రికి కంట్లో వాపుతో జనం వరసగా రావడం మొదలైంది. వెతికితే తేలింది లెప్టోస్పైరోసిస్. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీళ్లలోంచి కాళ్ల పగుళ్ల ద్వారా ఒంట్లోకి చేరే క్రిమి అది. జ్వరం ఎప్పుడో తగ్గిపోతుంది, కన్ను వారాల తర్వాతో నెలల తర్వాతో వాస్తుంది. నాట్లు వేసేవాళ్లు, పశువుల పాకలో పనిచేసేవాళ్లు, మురుగు కాలవల్లో దిగేవాళ్లు కంటి డాక్టరుకు తమ పనేమిటో తప్పక చెప్పాలి.

◆ దక్షిణ తమిళనాడు పల్లెల్లో చెరువుల్లో ఈదే పిల్లల కళ్లలో వచ్చే ముడులకు కారణం నత్తల మీద బతికే ఒక సూక్ష్మమైన చదునుపురుగు అని మదురై వైద్యులే తేల్చారు.

◆ నేపాల్‌లో మరీ విచిత్రం. 1975 నుంచి అక్కడ చలికాలం ముందు, ఏడాది విడిచి ఏడాది, ఎక్కువగా పిల్లల్లో, ఒక్క కంట్లో ఒక్కసారిగా భీకరమైన వాపు వస్తోంది. నొప్పి అంతగా ఉండదు. కొద్ది రోజుల్లో చూపు పోతుంది. షాపూ అని పిలిచే ఈ జబ్బు, గజలీనా అనే తెల్ల రెక్కల పురుగులు గుంపులుగా వచ్చే కాలంలోనే కనిపిస్తుంది. అందుకే అక్కడి వైద్యులు ‘తెల్ల రెక్కల పురుగు తగిలిందా?’ అని అడుగుతారు.

◆ పంది మాంసం ముట్టని మనిషి కంట్లో, మెదడులో బద్దెపురుగు పిల్ల ఎలా చేరుతుంది? మాంసం వల్ల పేగులో పెద్ద పురుగు పెరుగుతుంది. ఆ పురుగు గుడ్లు మలంతో బయటికొచ్చి, కడగని ఆకుకూరల మీదుగా, శుభ్రంలేని చేతుల మీదుగా ఎవరి నోట్లోకైనా పోవచ్చు. అలా పోయిన గుడ్డు పిల్లయి మెదడుకో, కన్ను తిప్పే కండరానికో, కంటి లోపలికో చేరుతుంది. కంటి గుంటలో కండరం వాచినప్పుడు మామూలు అల్ట్రాసౌండ్ చాలు, నీటి సంచి, దాని లోపల తల చుక్కగా కనిపిస్తాయి. కనుగుడ్డు లోపలే ఉంటే పురుగు కదలడం కూడా చూడొచ్చు. అలాంటప్పుడు పురుగు మందు ముందు ఇవ్వరు. అది కంట్లోనే చస్తే వాపు రెట్టింపవుతుంది కాబట్టి ఆపరేషన్‌తో తీస్తారు.

◆ 2021 మే నెల మనం మరచిపోలేం. కోవిడ్ రెండో విడత మధ్యలో బ్లాక్ ఫంగస్ వచ్చింది. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని దీనికోసం ప్రత్యేక కేంద్రం చేశారు. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం జనం ఊళ్లు తిరిగారు. జూన్ నెలాఖరుకు దేశంలో కేసులు 40,000 దాటాయి.

ఆ ఫంగస్ నల్లగా ఉండదు. అది రక్తనాళాల్లోకి చొరబడి మూసేస్తుంది, రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. ముక్కులో మొదలై, సైనస్ గోడ దాటి కంటి గుంటకు, అక్కడి నుంచి మెదడు పొరకు చేరే దారి పైన చెప్పుకున్నదే. దేశం నలుమూలల నుంచి 2,826 మంది రోగుల వివరాలు పోగుచేసి కంటి వైద్యులు రాసిన అధ్యయనంలో 78 శాతం మందికి షుగరు ఉంది, 87 శాతం మంది స్టెరాయిడ్లు వాడారు.

తొలి గుర్తులు కంట్లో కనిపించకపోవచ్చు. చెంప తిమ్మిరెక్కడం, పళ్లు కదలడం, ముక్కులోంచి నల్లని పక్కులు రావడం, అంగిలి మీద నల్ల మచ్చ. టార్చి వేసి నోరు తెరిపించి చూస్తే నిమిషం పని. అనుమానం వస్తే ముక్కులోంచి చిన్న ముక్క తీసి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెడతారు. వెడల్పాటి, గదులు లేని ఫంగస్ పోగులు కనిపిస్తే ఆ పూటే మందు మొదలుపెట్టొచ్చు. క్రిమిని పెంచే పరీక్ష ఫలితం రోజుల తర్వాత వచ్చినా పర్వాలేదు. కోవిడ్ తగ్గినా ఈ ఫంగస్ పోలేదు. షుగరు అదుపు తప్పినవాళ్లకు ఇప్పటికీ వస్తోంది.

◆ ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే సంగతి. 1954లో స్పెయిన్ వైద్యుడు టొలోసా, 1961లో అమెరికాలో హంట్ వివరించిన ఒక జబ్బులో కేవర్నస్ సైనస్ దగ్గర వాపు వచ్చి కంటి వెనక భరించలేని నొప్పి పుడుతుంది. స్టెరాయిడ్ ఇస్తే చెయ్యితో తీసేసినట్టు పోతుంది. 2004లో అంతర్జాతీయ తలనొప్పుల సంఘం ‘72 గంటల్లో స్టెరాయిడ్‌కు తగ్గాలి’ అన్నదాన్ని నిర్ధారణకు షరతుగా పెట్టింది. 2018 నాటి కూర్పులో ఆ షరతు లేదు. దాని బదులు ఎమ్మారైలోనో, ముక్క పరీక్షలోనో వాపు కనిపించాలన్నారు.

నా దృష్టిలో ఇది చాలా మంచి మార్పు. స్టెరాయిడ్‌కు తగ్గినంత మాత్రాన ఏ జబ్బో తేలదు. లింఫోమా అనే క్యాన్సర్ కూడా మొదట్లో స్టెరాయిడ్‌కు కరిగిపోతుంది. కంటి గుంటలో గడ్డ మాయమవుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, నెలల తర్వాత మళ్లీ వస్తుంది. ఈ మధ్యలో ముక్క తీసి చూస్తే చచ్చిన కణాలు తప్ప ఏమీ దొరకవు. అరవై దాటినవారి కంట్లో ‘వాపు’ చుక్కల మందులకు తగ్గుతూ, పెరుగుతూ ఉంటే ఇది గుర్తుకు రావాలి. వెన్ను నీటిలో క్యాన్సర్ కణాలు వెతకాలంటే నీరు కాస్త ఎక్కువే తీయాలి, వెంటనే ల్యాబుకు చేర్చాలి. గొట్టం బల్ల మీద గంటల తరబడి ఉంటే కణాలు నశించిపోతాయి.

టీబీ, ఫంగస్ సంగతీ అంతే. సొంతంగా మందుల షాపులో కొన్న స్టెరాయిడ్ బిళ్ల రెండు రోజులు సుఖమిచ్చి ఫంగస్‌కు దారి తెరుస్తుంది. ‘ముందు ఏమిటో తేల్చండి, తర్వాత స్టెరాయిడ్ ఇవ్వండి’ అని డాక్టరును అడగడంలో తప్పు లేదు, మంచి డాక్టరు ఆ ప్రశ్నను మెచ్చుకుంటారు.

◆ అయితే స్టెరాయిడ్ ఆలస్యమైతేనే చూపు పోయే జబ్బులూ ఉన్నాయి. ఇంగ్లండ్ వైద్యుడు జొనాథన్ హచిన్‌సన్ 1890లో కణతలు ఎర్రగా వాచి టోపీ కూడా పెట్టుకోలేకపోయిన ముసలాయన గురించి రాశాడు. అది జెయింట్ సెల్ ఆర్టరైటిస్. మన దేశంలో అరుదు. యాభై దాటినవారికి కొత్తగా తలనొప్పి, నములుతుంటే దవడ నొప్పి, ఉన్నట్టుండి ఒక కన్ను మసకబారడం దీని గుర్తులు. ఇందులో ముందు స్టెరాయిడ్ ఇచ్చేస్తారు. కణత ధమని ముక్కను రెండు వారాల లోపు తీసినా ఆధారం నిలిచే ఉంటుంది. జబ్బు అక్కడక్కడా వదిలి పట్టుకుంటుంది కాబట్టి తీసే ముక్క సెంటీమీటరుకు తగ్గకూడదు.

బాక్టీరియా మెనింజైటిస్ కూడా ఆగనివ్వదు. రక్తం నమూనా తీసేసి, స్కానింగ్ కోసం ఎదురుచూడకుండా యాంటీబయాటిక్, దానితోపాటే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. మెదడు పొరల టీబీలో టీబీ మందులకు డెక్సామెథసోన్ కలిపితే మరణాలు తగ్గుతాయని వియత్నాంలో జరిగిన పరిశోధన 2004లో చూపించింది.

◆ అదే హచిన్‌సన్ మరో గుర్తూ ఇచ్చాడు. నుదుటి మీద సర్పి లేచినప్పుడు ముక్కు కొసన కూడా పొక్కు కనిపిస్తే కన్నూ దెబ్బతినే అవకాశం ఎక్కువ. ముక్కు కొసకూ కనుగుడ్డుకూ స్పర్శనిచ్చే నరం ఒకటే.

◆ మందు కూడా కారణం కావచ్చు. ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ తర్వాత కొద్దిమందిలో కొన్ని రోజుల్లోనే కన్ను వాస్తుంది. ఐబుప్రొఫెన్ నొప్పి బిళ్ల అరుదుగా మెనింజైటిస్‌నే తెస్తుంది, ముఖ్యంగా లూపస్ అనే జబ్బు ఉన్నవారిలో. వెన్ను నీరు అచ్చం బాక్టీరియా జబ్బులాగే కనిపించవచ్చు. మందు ఆపితే తగ్గుతుంది. కాబట్టి తలనొప్పికి వేసుకున్న బిళ్ల పేరు కూడా డాక్టరుకు చెప్పాలి.

◆ ఎమ్మారైలో మెదడు పైపొర అంతా సమంగా మెరిసిందంటే వాపే అనుకోనక్కర్లేదు. వెన్నులో ఎక్కడో పొర చిరిగి నీరు కారిపోతున్నా అలాగే మెరుస్తుంది. ఆ తేడా పట్టే ప్రశ్న చాలా చిన్నది: ‘లేచి కూర్చుంటే తలనొప్పి పెరిగి, పడుకుంటే తగ్గుతోందా?’

◆ పెద్దవాళ్లలో కంటి గుంట వాపుకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం థైరాయిడ్. స్కాన్‌లో కండరం పొట్ట ఉబ్బి, చివరి స్నాయువు మామూలుగా ఉంటే థైరాయిడ్ వైపు, స్నాయువు కూడా ఉబ్బితే వేరే కారణం వైపు చూస్తారు. సిగరెట్ దీన్ని బాగా ముదరబెడుతుంది.

◆ నోటిపూత మళ్లీ మళ్లీ వస్తూ కన్ను వాస్తుంటే బెచెట్ జబ్బు కావచ్చు. టర్కీ చర్మ వైద్యుడు హులూసి బెచెట్ 1937లో వివరించాడు. ముంజేతిని శుభ్రమైన సూదితో పొడిచి, ఒకటి రెండు రోజులకు అక్కడ చిన్న చీము పొక్కు లేచిందేమో చూడటం దీనికి ఇప్పటికీ వాడే పరీక్ష.

◆ చిన్నపిల్లల్లో కన్ను వాచి యాంటీబయాటిక్‌కు తగ్గకపోతే కంటి లోపలి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమానేమో చూడాలి. ఆ అనుమానం ఉన్న కంట్లోకి సూది గుచ్చి ముక్క తీయరు, క్యాన్సర్ బయటికి పాకుతుంది. కీళ్లవాతం ఉన్న పిల్లల్లో మరో సంగతి: కన్ను ఎర్రబడకుండా, నొప్పి లేకుండానే లోపల వాపు రావచ్చు. అలాంటి పిల్లల్ని బాధ లేకపోయినా గడువు ప్రకారం స్లిట్ ల్యాంప్ దగ్గరికి తీసుకెళ్లాలి.

◆ 1888లో మికులిచ్ అనే శస్త్రవైద్యుడు కన్నీటి గ్రంథులు, లాలాజల గ్రంథులు ఉబ్బిన ఒక రైతు గురించి చెప్పాడు. కారణం శతాబ్దం దాటినా తెలియలేదు. 2001లో జపాన్ వైద్యులు క్లోమం జబ్బున్నవారి రక్తంలో ఐజీజీ4 అనే ప్రొటీను ఎక్కువుందని గమనించారు. ఆ తర్వాత అదే జబ్బు కన్నీటి గ్రంథిలో, కంటి కింది నరంలో, మెదడు పైపొరలో కూడా గడ్డలు కట్టిస్తుందని బయటపడింది. మికులిచ్ జబ్బని పిలుస్తూ వచ్చినవాటిలో చాలావాటికి మూలం ఇదే. రక్తంలో ఐజీజీ4 మామూలుగా ఉన్నా ఈ జబ్బు ఉండొచ్చు, కాబట్టి ముక్క పరీక్షే దిక్కు.

ముక్కను ల్యాబులో పారఫిన్ మైనంలో దిమ్మెగా పోసి దాస్తారు. ఆ దిమ్మెలు ఏళ్ల తరబడి చెడవు. ‘కారణం తెలియని వాపు’ అని రాసి పక్కన పెట్టిన పాత దిమ్మెల మీద ఐజీజీ4 పరీక్ష చేస్తే వాటిలో కొన్నిటికి అసలు పేరు దొరికింది. ఆసుపత్రి మారేటప్పుడు రిపోర్టు కాగితాలతో పాటు ఆ దిమ్మెలు, స్లైడ్లు కూడా అడిగి తీసుకోండి. కొత్త డాక్టరు మళ్లీ కోత పెట్టకుండానే వాటిని ఇంకోసారి పరీక్షకు పంపగలరు.